తిరుపతి పెరుగుతోంది; తీరిక వేళకు చోటేదీ?

ఊరు పెరిగేటప్పుడు మొదట పెరిగేవి ఇళ్లు. వాటి వెంట అంగళ్లు వస్తాయి. అంగళ్ల వెంట బస్సులు, ఆటోలు, ఆస్పత్రులు, కాన్వెంట్లు వస్తాయి. పిల్లలు ఆడుకునే బయలు, ముసలివాళ్లు కూర్చునే చెట్టునీడ, నాటకం ఆడే చదును, పుస్తకం చదువుకునే గది మాత్రం ఎవరికీ గుర్తుకు రావు. గుర్తుకు వచ్చేనాటికి వాటికి చోటు మిగలదు. తిరుపతి నగరం ఇప్పుడు సరిగ్గా ఈ దశలో వున్నది.

1886లో పురపాలక సంఘంగా మొదలైన ఈ ఊరు 2007లో నగరపాలక సంస్థ అయింది. 2001 జనాభా లెక్కల్లో 2 లక్షల 28 వేల మంది వుండగా, 2011 నాటికి ఆ సంఖ్య 2,87,035కు చేరింది. చుట్టూ అల్లుకున్న పల్లెలను కూడా కలిపితే అప్పటికే సుమారు 4 లక్షల 60 వేలు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. కనుక ఈనాటికీ కాగితాల మీద వున్నది పాత లెక్కే. ఈలోగా 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా కేంద్రం కూడా అయింది. అవిలాల, తుమ్మలగుంట, పేరూరు, మంగళం, కరకంబాడి వైపు వరి, చెరకు పండిన చేలలో నేడు నంబరు రాళ్లు పాతి ప్లాట్లు అమ్ముతున్నారు.

ఇది పట్నం గొడవ, పల్లెలకేమి సంబంధమని అనుకోరాదు. పల్లె పిల్లలు చదివేది అక్కడ. పండించిన కూరగాయలు అమ్మేది అక్కడ. జబ్బు చేస్తే రుయా ఆస్పత్రికో స్విమ్స్‌కో చేరేది అక్కడ. పైగా నేటి పల్లెల్లో కొన్ని రేపు ఆ పట్నంలోని వీధులే అవుతాయి. ఆ వీధుల్లో ఒక మైదానం వుండాలా, వద్దా అన్నది తేల్చవలసిన సమయం పొలం ప్లాట్లుగా మారకముందే గాని, మారిన తరువాత కాదు.

యాత్రికుడికి వున్నది, ఊరివాడికి లేనిది

తిరుపతిలో సౌకర్యాలు లేవనడం న్యాయం కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం వారి మహతి కళాక్షేత్రం వున్నది. అన్నమాచార్య కళామందిరం వున్నది. సంగీత నృత్య కళాశాల వున్నది. 1978లో ప్రారంభమైన అన్నమాచార్య ప్రాజెక్టు ద్వారా ఎందరో గాయనీ గాయకులు వెలుగులోకి వచ్చారు. అలిపిరి వద్ద 1993 నుంచి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం పనిచేస్తోంది. 1987లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 5,500 ఎకరాలకు పైగా విస్తరించి వున్నది. తిరుచానూరు రోడ్డులో శిల్పారామం వున్నది. ప్రకాశం పార్కు, వినాయక సాగర్, ఇందిరా మైదానం, విశ్వవిద్యాలయంలోని తారకరామ స్టేడియం వున్నాయి. పెళ్లి మండపాలకైతే లోటే లేదు.

అయితే ఈ జాబితాను ఒకసారి జాగ్రత్తగా చూడాలి. వీటిలో అధిక భాగం యాత్రికుడిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి, లేదా ఏదో ఒక సంస్థ తన అవసరానికి కట్టుకున్నవి. అందులో తప్పు లేదు. తిరుమలకు రోజుకు 60 వేల నుంచి 80 వేల మంది దాకా వచ్చే చోట యాత్రికుడే ముందు. దేవస్థానం వేదిక మీద భక్తి కార్యక్రమాలు జరగాలి. విశ్వవిద్యాలయం మైదానంలో విద్యార్థులు ఆడాలి. కాగా, ఏ సంస్థకూ చెందని మామూలు మనిషి, అంటే కొర్లగుంటలో కూలి చేసుకునేవాడు, మంగళంలో కాపురమున్న కుట్టుపని మనిషి, ఏర్పేడు నుంచి కూరగాయల బుట్టతో వచ్చిన రైతు, హక్కుగా వెళ్లి కూర్చోగలిగిన చోటు ఎంత అన్నది ప్రశ్న.

పల్లె నుంచి పట్నం వచ్చినవాడికి తీరిక అంటే చాలాసార్లు వేచి వుండడమే. ఆస్పత్రిలో రిపోర్టు వచ్చేదాకా రెండు గంటలు, కచేరీలో సంతకం అయ్యేదాకా మూడు గంటలు, బస్సు వచ్చేదాకా గంట. ఆ వేళల్లో ఆడవాళ్లు చంటిబిడ్డలతో అంగళ్ల అరుగుల మీద, ఫ్లైఓవర్ కింద కూర్చుంటున్నారు. నీడ, నీళ్లు, మరుగుదొడ్డి వున్న ఒక చిన్న తోట ఆస్పత్రి పక్కన వుంటే అది వారికి ఏ కళాభవనం కన్నా తక్కువ కాదు. సౌకర్యాల లెక్క వేసేవారు ముందుగా గుర్తించవలసిన విషయమిది.

వున్న పార్కులు సైతం అన్ని రోజులూ ఊరివాళ్లకు దక్కవు. రద్దీ రోజుల్లో వాటిని యాత్రికుల కోసం వాడక తప్పడం లేదు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. బైరాగిపట్టెడ వద్ద జనం అంతసేపు వేచి వున్నది ఒక పార్కులోనే. ఆ దుర్ఘటనకు కారణాలు వేరే చర్చ. కాని వేలమంది నిలబడేందుకు తగిన బయలు నగరంలో కరువైనప్పుడు పిల్లలు ఆడుకునే తోట మీద ఎంత బరువు పడుతుందో ఆ రాత్రి అందరూ చూశారు. వెడల్పాటి బయళ్లు వుండడం వినోదానికే కాదు, ప్రాణరక్షణకు కూడా అవసరమని గ్రహించాలి.

లెక్క వేస్తే

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం పట్టణంలో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం వుండాలి. పది చదరపు మీటర్లంటే సుమారు 12 చదరపు గజాలు. నాలుగైదు నులక మంచాలు వాల్చేంత చోటు. అంతకన్నా ఎక్కువ ఏమీ కాదు.

2011 నాటి 2,87,035 మందికి ఈ చొప్పున లెక్క కడితే సుమారు 710 ఎకరాలు కావాలి. చుట్టుపక్కల పల్లెలతో కలిపి 4 లక్షల 60 వేల మందికైతే 1,130 ఎకరాలకు పైనే కావాలి. పెరిగిన జనాభాకు ఇంకా ఎక్కువ. శేషాచలం అడవి పక్కనే వున్నది గదా, జంతుశాల అంత పెద్దది వున్నది గదా అంటే సరిపోదు. అడవి జంతువులది. జంతుశాలకు టికెట్టు కొనాలి, బండి కట్టుకుని వెళ్లాలి. సాయంత్రం బడి వదిలాక ఆరేళ్ల పిల్లవాడు నడిచి వెళ్లి బంతి ఆడుకోగల చోటే ఈ లెక్కలోకి రావాలి.

ఆ చోటు ఎక్కడి నుంచి రావాలన్నది కూడా చట్టంలోనే వున్నది. లేఅవుట్ వేసేవారు మొత్తం విస్తీర్ణంలో పదో వంతు ఉమ్మడి అవసరాలకు వదలాలి. 50 ఎకరాల లేఅవుట్‌లో 5 ఎకరాలన్నమాట. ఆ స్థలం పంచాయతీకో, నగరపాలక సంస్థకో దఖలు పడాలి. ప్లాట్లు అమ్మేటప్పుడు పటంలో పచ్చరంగు వేసి "పార్కు" అని చూపించిన చోట పదేళ్ల తరువాత ముళ్లకంప, ఇసుక కుప్పలు, ఇంకా కొన్నేళ్లకు ఎవరిదో ఇల్లు కనిపించడం ఏ పట్నం అంచునైనా మామూలే. తుడా ఏర్పడింది 1981లో. నాలుగు దశాబ్దాలకు పైగా మంజూరైన లేఅవుట్లన్నిటిలో వదిలిన స్థలాలను సర్వే నంబర్లతో సహా ఒక పుస్తకంగా వేసి ప్రతి పంచాయతీ కార్యాలయంలో ప్రజలకు అందుబాటులో వుంచితే సగం పని అయినట్లే. ఏ స్థలం ఎవరి చేతిలో వుందో ఊరివాళ్లే చెబుతారు.

పద్దెనిమిది రాత్రుల భారతం

సాంస్కృతిక అవసరాల మాట వచ్చినప్పుడు అధికారుల మనసులో మెదిలేది ఒక ఏసీ హాలు, మెత్తని కుర్చీలు, రంగు దీపాలు. కాని ఈ సీమలో కళ పుట్టిందీ, బతికిందీ ఆరుబయట. ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుడి వున్న ప్రతి ఊళ్లో వేసవిలో భారతం జరుగుతుంది. పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ నాడు బండెడు అన్నం ఊరేగుతుంది. అర్జునుడు తపసు మాను ఎక్కినప్పుడు సంతానం లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాగిలపడతారు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ వద్ద వధ, సాయంత్రం నిప్పుల గుండం. చదువు రాని తాతలకు సైతం భారతంలో ఏ పర్వంలో ఏముందో తెలిసింది ఈ పద్దెనిమిది రాత్రుల వల్లనే.

ఈ ఏర్పాటులో పెద్దల తెలివి ఒకటి వున్నది. వీధినాటకం రాత్రి పదికి మొదలై తెల్లవారేదాకా సాగుతుంది. ఎందుకు? పక్క ఊళ్ల నుంచి వచ్చిన జనం అర్ధరాత్రి చీకట్లో తిరిగి నడవనక్కర లేదు. పొద్దు పొడిచాక వెలుతురులో ఇంటికి చేరుకోవచ్చు. పగలు పొలం పని, రాత్రి కథ. అంటే కళాప్రదర్శన వేళను జనం రాకపోకలను బట్టి నిర్ణయించారు. నేడు పట్నంలో సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే కార్యక్రమం తొమ్మిదికి ముగుస్తుంది. పల్లెవాడు పాలు పితికి, పశువులను కట్టేసి ఆరున్నరకు రాలేడు. వచ్చినా సగంలో లేచి చివరి బస్సు కోసం పరుగెత్తాలి. హాలు పక్కా భవనమే, కాని పల్లెకు అది మూసిన తలుపే.

గంగజాతర మరొక పాఠం. తాతయ్యగుంట గంగమ్మకు ఏటా మే నెలలో జరిగే ఈ జాతరకు పుట్టింటి సారె వచ్చేది అవిలాల నుంచి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు, ఇలా రోజుకొక వేషంతో ఊరంతా తిరుగుతుంది. మగవాళ్లు చీర కట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. ఈ ఉత్సవానికి రంగస్థలం నగరంలోని వీధులే. ఆ వీధులు ఇరుకై, రెండు పక్కలా కార్లు నిలిపి వుంటే వేషగాడు ఎక్కడ ఆడాలి? సంస్కృతికి కావలసిన సౌకర్యం ప్రతిసారీ కొత్త భవనమే కానక్కర లేదు. పాత వీధిని ఆ వారం రోజులు ఖాళీగా, శుభ్రంగా, వెలుతురుగా వుంచడం కూడా సౌకర్యమే. ఊరు పెరిగే కొద్దీ ఈ ఏర్పాటు ముందస్తు ప్రణాళికలో చేరకపోతే జాతర పేరు మిగిలి ఆట పోతుంది.

నాగయ్యను ఇచ్చిన రంగస్థలం

చిన్న ఊళ్లో ఒక వేదిక వుంటే ఏమవుతుందని అడిగేవారికి చిత్తూరే జవాబు. గుంటూరు జిల్లాలో పుట్టిన నాగయ్య చిత్తూరుకు చేరి, అక్కడి రామవిలాస సభ నాటకాలలో పాడి, నటించి పేరు తెచ్చుకున్నారు. ఆ తరువాత పోతన, త్యాగయ్య, యోగి వేమన పాత్రలతో తెలుగువారి ఇంటింటా నిలిచారు. 1965లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంటి పేరు మరిచి జనం ఆయనను "చిత్తూరు నాగయ్య" అనే పిలిచారు. కన్న ఊరు కాదు, వేదిక ఇచ్చిన ఊరు ఆయనకు పేరైంది. చిత్తూరులో నాగయ్య పేరిట కళాక్షేత్రం వున్నది. ఆ పేరుకు తగ్గట్టు అక్కడ ఏటా ఎన్ని కొత్త నాటకాలు ఆడుతున్నారు, ఎందరు కొత్త కుర్రవాళ్లు ముఖానికి రంగు వేసుకుంటున్నారు అన్నదే అసలు కొలత.

రాష్ట్ర గీతం రాసిన శంకరంబాడి సుందరాచారి తిరుపతివారు. కథకుడు మధురాంతకం రాజారాం దామలచెరువు ప్రాంతంలో బడిపంతులుగా వుంటూనే పల్లె మనుషుల కథలు రాశారు. తిరుపతి దగ్గరి జక్కదొనలో పుట్టిన పులికంటి కృష్ణారెడ్డి సీమ యాసను కథల్లోకి, పాటల్లోకి తెచ్చారు. వీరి పుస్తకాలన్నీ ఒకచోట దొరికే గది, వీరి కథలను పిల్లలకు చదివి వినిపించే సాయంత్రం జిల్లా కేంద్రంలో వుండాలని కోరడం అత్యాశ కాదు.

ఈనాటి నాటక సమాజాలకు, కోలాటం భజన బృందాలకు, చెక్కభజన, పండరిభజన చేసే పల్లె యువకులకు కావలసినది వెయ్యి కుర్చీల హాలు కాదు. మూడు నాలుగు వందల మంది పట్టే చిన్న వేదిక చాలు. అద్దె వారు భరించేదిగా వుండాలి. వేషం వేసుకునేందుకు ఆడవారికి, మగవారికి వేరు వేరు గదులు వుండాలి. రిహార్సలుకు ఒక గది వుండాలి. రాత్రి ఆలస్యమైతే కళాకారులు తల వాల్చేందుకు నాలుగు చాపలు పరిచే చోటు వుండాలి. యాత్రికులకు ఎన్ని సత్రాలున్నా, దేవుడి కథ చెప్పే హరిదాసుకు రాత్రి పడుకునే చోటు ఎక్కడని అడిగితే జవాబు చెప్పలేని పరిస్థితి రాకూడదు.

ఆడపిల్లలకు ఆటస్థలం

2022 జనవరిలో ఇందిరా మైదానంలో జాతీయ స్థాయి ఆహ్వాన కబడ్డీ పోటీలు జరిగాయి. ఫ్లడ్‌లైట్ల వెలుగులో ఆట చూసేందుకు పల్లెల నుంచి జనం వచ్చారు. కబడ్డీకి ఖరీదైన సామాను అక్కర లేదు. చదునైన నేల, నాలుగు సున్నపు గీతలు, సాయంత్రం వెలుతురు చాలు. అయినా ఆ పోటీలు చూసి ఉత్సాహపడిన ఆడపిల్లలు తమ ఊళ్లో, తమ వార్డులో ఎక్కడ ఆడాలి? బడి మైదానం వున్నచోట సాయంత్రం గేటు మూస్తారు. గేటు తెరిచిన చోట మగపిల్లల క్రికెట్ సాగుతుంది. మరుగుదొడ్డి లేని మైదానానికి తల్లిదండ్రులు ఆడపిల్లను పంపరు. కనుక ఆడపిల్లలకు వేరే వేళ, వెలుతురు, మరుగుదొడ్డి, ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు, ఈ నాలుగూ కలిస్తేనే అది ఆటస్థలం. లేకుంటే వట్టి బయలు.

ఈత సంగతీ అంతే. వేసవి సెలవుల్లో పిల్లలు బావుల్లో, చెరువుల్లో, కోనల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ఏటా చదవవలసి వస్తోంది. వెళ్లవద్దని బోర్డు పెడితే సరిపోదు. భయం లేకుండా ఈత నేర్చుకునే కొలను, నేర్పే మనిషి వుండాలి. ప్రతి మండల కేంద్రంలో కాకపోయినా, శ్రీకాళహస్తి, పుత్తూరు వంటి పెద్ద ఊళ్లలోనైనా ఒక్కొక్కటి వుండడం అవసరం.

సముద్రం వైపు

2022లో జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ వంటి తీర ప్రాంతం కూడా ఇందులో చేరింది. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం, శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఆ వైపునే వున్నాయి. శీతాకాలంలో దూర దేశాల పక్షులను చూసేందుకు జనం వస్తారు. వాటి పేరిట ఫ్లెమింగో పండుగ కూడా చేస్తున్నారు. పండుగ మూడు రోజులు. మిగిలిన రోజుల మాటేమిటి?

ఆ ప్రాంతంలో శ్రీసిటీ ఫ్యాక్టరీల వల్ల జనం పెరిగారు. పల్లెల నుంచి వచ్చిన యువతీ యువకులు షిఫ్టుల్లో పనిచేస్తూ, చిన్న గదుల్లో నలుగురైదుగురు కలిసి అద్దెకు వుంటున్నారు. వారానికి ఒక్కరోజు సెలవు. ఆ రోజు వారికి గది, సెల్‌ఫోను, బజారు తప్ప మరో దారి లేదు. రాత్రి షిఫ్టు ముగించిన పిల్ల పగటిపూట వెళ్లి చదువుకునే గ్రంథాలయం, ఆడుకునే షటిల్ కోర్టు, నలుగురితో పాట నేర్చుకునే గది అక్కడ వుండాలి. తిరుపతి నగరం యాత్రికుల వల్ల పెరిగినట్టే సూళ్లూరుపేట ఫ్యాక్టరీల వల్ల, రాకెట్ల వల్ల పెరుగుతోంది. తిరుపతిలో ఆలస్యంగా తెలిసిన సంగతి అక్కడ ముందే తెలుసుకునే వీలున్నది. తీరాన స్థలం ఇంకా దొరుకుతుంది. దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. అయితే సరస్సు గట్టున హోటళ్లు కట్టి దానినే అభివృద్ధి అంటే పక్షులూ పోతాయి, వలలు వేసి బతికే జాలరుల జీవనమూ పోతుంది. పక్షి బతికితేనే పండుగ.

డబ్బు ఎక్కడిది?

ఏ కోరిక కోరినా నిధులు లేవన్న మాట సిద్ధంగా వుంటుంది. 2023లో దేవస్థానం బడ్జెట్లో ఒక శాతం తిరుపతి అభివృద్ధికి వెచ్చించాలన్న ప్రతిపాదన వచ్చి వివాదాస్పదమైంది. భక్తుల కానుకలు భక్తుల అవసరాలకే వాడాలన్నది ఒక వాదన. యాత్రికుల బరువు మోసేది ఊరే కనుక ఊరికి వాటా కావాలన్నది మరొక వాదన. రెండింటిలోనూ సబబు వున్నది. కాని ఆ వాదన తేలేదాకా పిల్లల ఆట ఆగదు. పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. కనుక ఊరు తన చేతిలో వున్న దారులు ముందు చూసుకోవాలి.

అటువంటి దారి ఒకటి ప్రతి ఇంటి పన్ను రసీదులోనూ వున్నది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. రెండువేల రూపాయల పన్ను కట్టే ఇంటి నుంచి 160 రూపాయలు. అటువంటి పదివేల ఇళ్లుంటే ఏడాదికి 16 లక్షలు. ఈ సొమ్ము గ్రంథాలయ సంస్థకు చేరాలి. పల్లెల్లో పంచాయతీకి ఇంటి పన్ను కట్టేవారు కూడా ఈ సెస్సు కడుతున్నారు. కట్టిన సొమ్ము ఎంత, సంస్థకు చేరినది ఎంత, దానితో తమ ఊరి గ్రంథాలయానికి కొన్న పుస్తకాలెన్ని అని గ్రామసభలో అడిగే హక్కు ప్రతి రైతుకూ వున్నది. అడిగేవాడు లేకపోతే పెట్టేవాడూ వుండడు.

మరొక సంగతి. కట్టడం సులువు, నడపడం కష్టం. శంకుస్థాపనకు పూలదండలు వస్తాయి, ప్రారంభోత్సవానికి రిబ్బను వస్తుంది. మూడో ఏట కరెంటు బిల్లు, కావలివాడి జీతం, మరుగుదొడ్లు కడిగే మనిషి కూలి మాత్రం ఎవరి పద్దులోనూ కనిపించవు. తాళం వేసిన భవనం లేని భవనంతో సమానం. కనుక ఏ కట్టడానికైనా అంచనా వేసేటప్పుడు కట్టేందుకు అయ్యే ఖర్చుతోబాటు పదేళ్లు నడిపేందుకు అయ్యే ఖర్చు కూడా అదే కాగితంలో రాయాలి. ఆ రెండో అంకె లేని కాగితం మీద సంతకం పెట్టరాదు.

చేయవలసినది

రాబోయే ఇరవై ఏళ్లకు తిరుపతికి ఏమేమి కావాలన్నది ఒక గదిలో నలుగురు కూర్చుని తేల్చే విషయం కాదు. వార్డు వార్డునా, చుట్టుపక్కల పంచాయతీలలోనూ అడగాలి. అడిగే ప్రశ్నలు కూడా సులువుగా వుండాలి. మీ ఇంటి నుంచి పిల్లవాడు నడిచి వెళ్లగల ఆటస్థలం వుందా? మీ ఇంటి ఆడవాళ్లు చీకటి పడ్డాక అక్కడ కూర్చోగలరా? కిందటి ఏడాది మీరు ఎన్ని నాటకాలు, కచేరీలు చూశారు? చూడకపోతే కారణం బస్సా, టికెట్టా, వేళా? మీ ఊళ్లో పాడేవాళ్లు, ఆడేవాళ్లు ఎందరు? వారు ఎక్కడ సాధన చేస్తున్నారు? ఈ జవాబులు పోగైతే ఏ హాలు కట్టాలో, ఏ మైదానం కాపాడాలో వాటంతటవే తేలుతాయి.

లెక్క పూర్తయ్యేదాకా కాచుకోకుండా ఇప్పుడే చేయగలిగినవి కొన్ని వున్నాయి. లేఅవుట్లలో వదిలిన స్థలాలకు కంచె వేసి, విస్తీర్ణం రాసిన బోర్డు పెట్టాలి. ప్రభుత్వ బడుల మైదానాలను సాయంత్రం వేళ ఊరి పిల్లలకు తెరవాలి. గ్రంథాలయాలను రాత్రి తొమ్మిది దాకా వుంచాలి. పోటీ పరీక్షలకు చదివే పల్లె యువకులకు అంతకు మించిన మేలు లేదు. పెద్ద కార్యక్రమాలు జరిగే రోజుల్లో చంద్రగిరి, రేణిగుంట, పాకాల, పుత్తూరు వైపు కార్యక్రమం ముగిశాక ఒక్కొక్క బస్సు నడపాలి. మండల కేంద్రాలలో ఆరుబయట వేదిక, దాని ముందు రెండు ఎకరాల బయలు గుర్తించి పంచాయతీ పేర రాయించాలి. అప్పుడు ప్రతి ఆటకూ, పాటకూ పల్లె పట్నానికి పరుగెత్తనక్కర లేదు. పట్నం కళాకారులే పల్లెకు రావచ్చు.

పంచాయతీ సర్పంచులకు, వార్డు సభ్యులకు ఒక మాట. మీ ఊరు నగరంలో కలిసే రోజు రేపో ఎల్లుండో రావచ్చు. ఆనాడు మీ ఊరి నుంచి నగరానికి ఏమి ఇస్తున్నారు? ప్లాట్లు మాత్రమేనా? చెరువు గట్టు, మంద బయలు, భారతం ఆడే చదును, రచ్చబండ చింతచెట్టు, వీటి సర్వే నంబర్లు ఈనాడే పంచాయతీ రికార్డులో ఎక్కించి తీర్మానం చేస్తే రేపు వాటిని కదిలించడం ఎవరి తరమూ కాదు. ఎక్కించకపోతే నగరంలో కలిసిన మొదటి ఏడే అవి కనిపించకుండా పోతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

పద్దెనిమిది రాత్రులు భారతం ఆడించేందుకు పూర్వం పల్లెలు ఏ ప్రభుత్వాన్నీ డబ్బు అడగలేదు. ఇంటింటికీ చందా వేసుకుని, కళాకారులకు వంతుల వారీగా అన్నం పెట్టి నడిపించాయి. ఆ పల్లెలకు నాడు వున్నది, నేడు పోతున్నది ఒక్కటే, నాటకం ఆడే చదును. ఆ చదును ఎక్కడ వుందో, ఎంత మిగిలిందో ప్రతి ఊరూ ఈ వారమే వెళ్లి కొలిచి చూసుకోవాలి. తిరుపతి రేపు ఎట్లా వుండబోతుందన్నది తేల్చవలసినది ఆ కొలతతోనే.